ఉలిపికట్టె జవాబులు

ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరై, కాకినాడలో ఒక్కరే ఉంటున్న మా కాలమిస్టుని ఈ నెల పాఠకులు అడిగినవి. ఖర్చూ పొదుపూ గురించి అడగమన్నాం, సగం మంది తిట్టడానికే రాశారు, అవి కూడా వేసేశాం.

ప్రశ్న: మేడమ్, మీరు ఊళ్ళో ఎక్కడికైనా నడిచో బస్సెక్కో వెళ్తారట, ఇంట్లో ఏసీ లేదట, టీవీ కూడా లేదట. పెన్షన్ వస్తుంది కదా, ఎందుకండీ ఇంత కష్టం? — ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: కష్టం ఎవరు పడుతున్నారండీ బాబూ. టీవీ లేని మాట నిజమే కానీ పక్క వాటావాళ్ళ టీవీ గోడలోంచి బ్రహ్మాండంగా వినపడుతుంది, ఏ సీరియల్లో ఎవరి పాలల్లో ఎవరు విషం కలిపారో నేను చూడకుండానే చెప్పేస్తాను. ఏసీ లేదు ఎందుకంటే నాది కింద వాటా, పైన ఇంకో ఇల్లుంది కాబట్టి స్లాబు వేడి నాదాకా రాదు, సాయంత్రం అయ్యేసరికి సముద్రం గాలి తిరుగుతుంది, మేలో ఓ పది రోజులు మాత్రం చచ్చేంత ఉక్క, ఒప్పుకుంటాను, అప్పుడు తడిగుడ్డ కప్పుకుని పడుకుంటా. బస్సంటారా, 2025 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రాలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఫ్రీ చేశారు. అంతకుముందూ నేను బస్సే ఎక్కేదాన్ని టికెట్ కొనుక్కుని, ఇప్పుడు ఆధార్ చూపించి ఎక్కుతున్నా, తేడా ఏంటంటే అప్పట్లో సీటు దొరికేది.

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్ళు, సాఫ్ట్‌వేర్, చేతికి 85 వేలొస్తాయి. ముగ్గురం కలిసి ఫ్లాట్‌లో ఉంటాం, ఆఫీసుకి మెట్రోలో వెళ్తా. మా టీంలో అందరూ కార్లు కొనేశారు. ఊరెళ్తే మా నాన్న "ఆ పక్కింటోళ్ళ పిల్లోడు కారేసుకొచ్చిండు, నువ్వింకా బస్సులోనే దిగుతున్నవ్" అంటున్నడు. పది లక్షల లోన్, ఏడేళ్ళు పెట్టుకుందామనుకుంటున్నా. ఫోన్ కూడా మార్చాలి, అది నో కాస్ట్ ఈఎంఐ కాబట్టి వడ్డీ ఉండదు కదా? — నిజాంపేట, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ముందు లెక్క చెప్తా తర్వాత మాట చెప్తా. పది లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ళంటే నెలకి 16 వేల పైచిలుకు, 84 నెలలు కట్టేసరికి పదమూడున్నర లక్షలవుద్ది. పెట్రోలు, ఇన్సూరెన్సు, సర్వీసింగ్, మీ అపార్ట్‌మెంట్‌లో ముగ్గురికి కలిపి ఒక్కటే పార్కింగ్ ఉంటే బయట పెట్టుకునే అద్దె, ఇవన్నీ దానిపైన. ఆఫీసుకెలాగూ మెట్రోలోనే వెళ్తానంటున్నావు, అంటే ఆ బండి వారమంతా కవరు కప్పుకుని నిలబడుంటుంది, నువ్వు దానికి ఈఎంఐ కడుతూ ఉంటావు. పండక్కి ఊరెళ్ళేటప్పుడు ఒక కారు అద్దెకి మాట్లాడుకుని దర్జాగా దిగు, ఆ రెండ్రోజులు మీ నాన్ననీ అమ్మనీ చుట్టాలిళ్ళకి తిప్పు, మీ నాన్న అడిగేది అదే అయ్యుంటుంది, ఊళ్ళో నలుగురూ చూడాలని. ఏడాదికి అలా మూడు నాలుగుసార్లు చేసినా నీ రెండు నెలల ఈఎంఐ దాటదు.

ఇక నో కాస్ట్ అన్నది. బ్యాంకు నీకిచ్చే అప్పుకి నెలనెలా వడ్డీ వేస్తూనే ఉంటుంది, షాపువాడు ఆ వడ్డీకి సరిపడా డిస్కౌంట్ ముందే తగ్గించి చూపిస్తాడు కాబట్టి నీకు కనపడదు. అదే డిస్కౌంట్ ఒకేసారి డబ్బు కట్టేవాడికి ఇస్తాడేమో అడిగి చూడు, చాలాసార్లు ఇస్తాడు. పైగా క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ నువ్వే కడతావు, ప్రాసెసింగ్ ఫీజని ఒకటుంటుంది, దాని మీద ఇంకో 18 శాతం. 2013లోనే రిజర్వ్ బ్యాంకు సున్నా వడ్డీ అనేదే అసలు లేదని బ్యాంకులకి సర్క్యులర్ ఇచ్చింది, ఆ తర్వాత ఈ కొత్త పేరు పెట్టుకుని అదే తిరిగొచ్చింది. అన్నిటికన్నా ఘోరం క్రెడిట్ కార్డు మీద "మినిమం డ్యూ" కట్టి హమ్మయ్య అనుకోవడం, నెలకి మూడున్నర శాతం అంటే చిన్నదిలా ఉంటుంది కానీ ఏడాదికి 42 శాతం, మా చిన్నప్పుడు ఊళ్ళో వడ్డీవ్యాపారుల్ని తిట్టుకునేవాళ్ళు ఇంతకన్నా తక్కువకే.

కారు నీకు నిజంగా కావాలనిపిస్తే కొనుక్కో, నేనెవర్ని వద్దనడానికి. కొనేముందు ఒక్కటి ఆలోచించు, సోమవారం పొద్దున హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తే ఆ 16 వేలు ఎన్ని నెలలు కట్టగలవు? ఆరు నెలలకి సరిపడా బ్యాంకులో ఉంటే షోరూంకి వెళ్ళు, లేకపోతే మెట్రో కార్డు రీచార్జ్ చేయించు.

ప్రశ్న: ఇంత పొదుపు మనిషి కూరగాయల దగ్గర బేరమాడరని మీరే ఒకసారి రాశారు. అదేం పొదుపండీ? — తెనాలి నుంచి ఒక గృహిణి

జవాబు: ఆడనమ్మా. తోపుడుబండి మీద బెండకాయలమ్మే ఆవిడ తెల్లారగట్ట మూడింటికి మార్కెట్‌కెళ్ళి గంప ఎత్తుకొచ్చి, మధ్యాహ్నానికి వాడిపోతాయేమోనని నీళ్ళు చల్లుకుంటూ కూర్చుంటుంది, ఆవిడ దగ్గర ఐదు రూపాయలు తగ్గించుకుని నేనేం కట్టుకోవాలి? అలాగని లేతవో ముదురో చూడకుండా తెస్తానని కాదు, ఒక్కో బెండకాయ తోక గిల్లి టప్పుమని విరిగితేనే తీసుకుంటా, దానికి ఆవిడ "అన్నీ నువ్వే విరిచేస్తే మిగతావాళ్ళకి ఏం అమ్మను అమ్మగారూ" అని నా మీద రోజూ కేకలేస్తుంది. రేటు మరీ తేడాగా అనిపిస్తే రైతుబజారుకి పోతాను, 1999లో పెట్టిన దగ్గర్నుంచీ అక్కడ గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు రేట్లు రాసి పెడతారు, వాదన లేదు.

బేరం ఆడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. బంగారం షాపు, ఫర్నిచర్ షోరూం, ఇంటి బ్రోకరు, ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ అమ్మే ల్యాబు, ఫంక్షన్ హాలు. చిత్రమేంటంటే అక్కడ మనం నోరెత్తం, ఏసీ చల్లగా తగిలేసరికి, కూల్‌డ్రింకు చేతికిచ్చేసరికి మొహమాటం వచ్చేస్తుంది, ఆ కక్ష అంతా బయటికొచ్చాక ఆటోవాడి మీద తీర్చుకుంటాం. పనమ్మాయి రెండ్రోజులు రాకపోతే జీతం కోసేవాళ్ళనీ నేను పొదుపరుల లిస్టులో వెయ్యను. మన జేబులోంచి తగ్గించుకుంటే ఎంతైనా తగ్గించుకోవచ్చు, పక్కవాళ్ళ కంచంలోంచి తీస్తే అది కక్కుర్తి, దానికి ఇంకో పేరు లేదు.

ప్రశ్న: మీ కాలమ్ చదివితే ఒళ్ళు మండుతుంది మేడమ్. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. మీరెప్పుడైనా స్కూల్ ఫీజు కట్టారా? ఒక్కరికి ఎంత కావాలి? ఇంత దాచి ఎవరికి పెడతారు? — ఇద్దరు పిల్లల తండ్రి, విజయవాడ

జవాబు: స్కూల్ ఫీజు కట్టలేదు, ఆ విషయంలో మీకు చెప్పే అర్హత నాకు లేదు, చెప్పను కూడా. ఎల్‌కేజీకి లక్షలు తీసుకునే స్కూళ్ళ ముందు మీరు పడే బాధ నా లెక్కల్లోకి రాదు. కానీ ఎవరికి దాస్తున్నానని అడిగారు కదా, దానికి చెప్తాను, కొంచెం పొడుగు.

ఉద్యోగంలో ఉండగా ఒక పెద్ద బిల్లు వచ్చింది నా టేబుల్ మీదికి, ఓచర్లు సగం లేవు, ఉన్నవాటిలో డేట్లు కలవలేదు. పైనున్నాయన పిలిచి సంతకం పెట్టెయ్యమ్మా మళ్ళీ చూసుకుందాం అన్నాడు. పెట్టనన్నాను. నెల తిరక్కుండా రెండు వందల కిలోమీటర్ల అవతలకి ట్రాన్స్‌ఫర్. వెళ్ళాను. అక్కడ ఒక గది అద్దెకి తీసుకున్నా, కిరసనాయిల్ స్టవ్వు, చాప, రెండు గిన్నెలు, హాయిగా ఉన్నా. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నాయన మంచివాడే, నాకన్నా తెలివైనవాడు, కానీ ఇంటి లోను, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు, సొసైటీలో ఇంకో అప్పు, ఈ ఊరు కదిలితే పిల్లల చదువు. సంతకం పెట్టాడు. ఆయన్ని నేను ఒక్క మాట అనను. ఆయనకి ఆ రోజు వద్దని చెప్పే వీలు లేదు, నాకుంది, అంతే తేడా, ఆ వీలు నేను అంతకు ముందు పదిహేనేళ్ళు పట్టుచీరలు కొనకుండా కొనుక్కున్నది.

నేను దాచేది దానికోసం. ఎవరో ఒకరు వచ్చి తలూపమంటే ఊపక్కర్లేకుండా ఉండటానికి. పిల్లలున్నవాళ్ళకి అది ఇంకా కష్టం, కాబట్టి ఇంకా అవసరం కూడానేమో, మీరే ఆలోచించుకోండి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1952లో రాజ్యసభకి వెళ్ళాక కూడా పార్లమెంటుకి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవారు, పిల్లలు వద్దని భార్యాభర్తలిద్దరూ అనుకున్నారు, ఆస్తి పార్టీకి ఇచ్చేశారు. ఇల్లెందులో ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్యగారు బస్సుల్లో తిరిగే ఎమ్మెల్యేగానే జనానికి తెలుసు. వాళ్ళ రాజకీయం మీకు నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, వాళ్ళని కొనడానికి వెళ్ళినవాడు ఏం చూపించి కొంటాడో చెప్పండి. వాళ్ళతో నాకు పోలికేమీ లేదు, నేను మామూలు గుమాస్తాని, కానీ ఆ కిటుకు గుమాస్తాలకి కూడా పనికొస్తుంది.

నేను పోయాక మిగిలింది ఎవరికి వెళ్ళాలో విల్లు రాసి రిజిస్టర్ చేయించేశాను, మీరు ఒళ్ళు మండించుకోకండి.

ప్రశ్న: ఆంటీ, నాకూ మా ఆయనయ్యేవాడికీ రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఆ డబ్బు ఇల్లు అడ్వాన్స్‌కి పెట్టుకోవాలనుంది. మా డాడీ ససేమిరా అంటున్నారు, ఉన్న ఎకరం అమ్మైనా పదిహేను లక్షలతో ఫంక్షన్ హాల్లో చేస్తానంటున్నారు. రోజూ గొడవే. ఎలా ఒప్పించాలి? — ఖమ్మం

జవాబు: ఎకరం అమ్మకుండా ఆపు తల్లీ, అది ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకో, మిగతావి వదిలినా పర్లేదు.

చట్టం సంగతి ముందు. 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్టు కింద అయితే మీ ప్రాంతం మ్యారేజ్ ఆఫీసర్‌కి నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి, ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు కాబట్టి ఇంట్లో చెప్పకుండా చేసుకునే పని కాదు. ఇద్దరూ హిందువులైతే గుళ్ళోనో ఇంట్లోనో పెళ్ళి చేసుకుని తర్వాత రిజిస్టర్ చేయించుకోవచ్చు, దానికి ఆ నెల రోజుల నోటీసు లేదు. ఆడంబరం లేని పెళ్ళి మనకేం కొత్త కాదు, గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో విజయవాడ పటమటకి మార్చారు, ముహూర్తం మేళం లేని పెళ్ళిళ్ళకి ఆ ఊళ్ళో డబ్బయ్యేళ్ళ చరిత్ర ఉంది.

కానీ మీ డాడీ వైపు నుంచి కూడా చూడు. ఆయన ముప్పయ్యేళ్ళుగా ఎంతమంది పెళ్ళిళ్ళలో భోంచేసుంటాడు, ఎన్ని చదివింపులు రాయించుంటాడు. ఆ పుస్తకంలో ఆయన పేరు ఎదురుగా నూట పదహార్లో, ఐదొందల పదహార్లో రాసున్నాయి, వాళ్ళందర్నీ ఒక్కసారైనా పిలిచి అన్నం పెట్టాలని ఉంటుంది. అది డాంబికం అంటే నేనొప్పుకోను. పక్కనే కూర్చుని కాయితం మీద రెండు గీతలు గీసి రాయమను, ఒకవైపు జనానికి పెట్టే అన్నం, ఇంకోవైపు జనం చూడ్డానికి పెట్టేవి. రెండో వరసలో ఏం పడతాయో చూడు: ఎల్ఈడీ తెర, డ్రోను, ప్రీవెడ్డింగ్ షూటని ఎవరిదో అద్దె గౌను వేసుకుని బీచిలో పరిగెత్తడం, హల్దీకి పసుపు డెకరేషను, మన దగ్గర ఎప్పుడూ లేని సంగీత్, పొగ వచ్చే మిషను, ఎంట్రీకి డాన్సర్లు. ఇవన్నీ కొట్టేస్తే పదిహేను లక్షల్లో ఎంత మిగులుతుందో ఆయనే కూడుకుంటాడు. అంకె తన చేత్తో రాసుకుంటే నువ్వు వాదించక్కర్లేదు.

భోజనాల దగ్గర ఒక మాట. క్యాటరింగ్ వాళ్ళు ప్లేటు లెక్కన తీసుకుంటారు, ఐటమ్స్ పెరిగేకొద్దీ ప్లేటు రేటు పెరుగుతుంది, అరవై రకాలు పెట్టినా మనిషి తినేది ఏడో ఎనిమిదో. బఫేలో ప్లేటు పట్టుకున్నవాడు మళ్ళీ లైన్లో నిలబడలేక అన్నీ ఒకేసారి వేయించుకుంటాడు, పాస్తా మీద పులిహోర, దాని మీద గోబీ, ఆ పక్కన జిలేబీ పాకం అన్నంలోకి కారుతూ, సగం తిని డబ్బాలో పడేస్తాడు. అదే బంతి వేసి ఆకులో వడ్డిస్తే కావాల్సింది అడిగి వేయించుకుంటారు, వద్దంటే చెయ్యి అడ్డం పెడతారు. ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, పులిహోర, బూరె మధ్యలో చిల్లు పొడిచి నెయ్యి పోస్తే చాలు, పది వూళ్ళలో చెప్పుకుంటారు. మాంసం అలవాటున్న ఇళ్ళైతే మర్నాడు ఇంటి దగ్గర టెంటు వేసి వండించండి, ఎవరూ కాదనరు. మీ డాడీ మాట నిలబడుతుంది, ఎకరం నిలబడుతుంది, నీకు సంతకాల పెళ్ళే ముచ్చటైతే ఆ ముందు వారం రిజిస్ట్రార్ ఆఫీసులో నీ ముచ్చట తీర్చుకో.

అబ్బాయి వాళ్ళు పదిహేనులో వాటా ఏమైనా పెట్టుకుంటున్నారా అని రాయలేదు నువ్వు. అడుగు. ఇల్లు అడ్వాన్సు ఇద్దరిదైతే పెళ్ళి ఖర్చు ఒకరిదెందుకవుతుంది?

ప్రశ్న: అక్షయ తృతీయకి ఐదు కాసుల గొలుసు తీసుకుందామనుకుంటున్నా. బంగారం ఖర్చు కాదు పొదుపే కదమ్మా? — ప్రొద్దుటూరు

జవాబు: బంగారం ఊరివాళ్ళు నన్నడగడమా! ఐదు కాసులంటే 40 గ్రాములు. తరుగు 15 శాతమని వేశాడనుకోండి, అది 6 గ్రాములు, అంటే ముప్పావు కాసు మీరు డబ్బు కట్టి కొంటారు, మీ మెడలోకి రాదు. దాని పైన 3 శాతం జీఎస్టీ, రాళ్ళుంటే రాళ్ళ బరువు వేరే తీసి తూయించారో లేదో ఇంకో కథ. తిరిగి అమ్మేరోజున తరుగు ఎవడూ తిరిగివ్వడు. మెళ్ళో వేసుకోవడానికి కొంటే సంతోషంగా కొనుక్కోండి, నగ నగే, అందులో తప్పేముంది. దాచుకోవడానికైతే నగ కాకుండా బిళ్ళో బిస్కెట్టో తీసుకుంటే తరుగు నామమాత్రం. హాల్‌మార్క్ పక్కన ఆరు అక్షరాల నంబరుంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. ఆ రోజే కొనాలని శాస్త్రం ఏమీ లేదు, ఆ రోజు షాపుల్లో నిలబడ్డానికి చోటుండదన్నది మాత్రం సత్యం.

ప్రశ్న: మాకు గృహజ్యోతిలో 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తుంది. ఇంక లైట్లు ఆర్పుడెందుకు, ఫ్యాన్లు ఆర్పుడెందుకు? — వరంగల్

జవాబు: 200 దాటనంత వరకే జీరో అన్నా, ఎండాకాలం కూలరు పెట్టాక మీటరు ఎక్కడుందో చూసిండ్రా? పాత ఫ్యాన్ 75 వాట్లు, కొత్తగా వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లు దగ్గర్లో ఉంటుంది. రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్క ఫ్యాన్ మీదే నెలకి 20 యూనిట్ల తేడా, ఇంట్లో మూడుంటే 60, గీత ఇవతల ఉండాలా అవతల ఉండాలా అన్నది ఆ 60తోనే తేలిపోతుంది. ఏసీ ఉన్నవాళ్ళు 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం నాకెప్పటికీ అర్థం కాదు, ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు 6 శాతం దాకా కలిసొస్తుందని కేంద్రంలో కరెంటు పొదుపు సంగతి చూసే బీఈఈ వాళ్ళే చెప్తారు, 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలయ్యేలా రూలు కూడా పెట్టారు. ఆ రిమోట్ ముట్టుకోకుండా ఉంటే చాలు.

ఎవరూ లేని గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే నాకు బిల్లు గుర్తురాదు, చిరాకొస్తుంది, అది నా రోగం అనుకోండి.

ప్రశ్న: మా బావగారు చిట్టీ పాడుకుని ష్యూరిటీ సంతకం పెట్టమంటున్నారు. పెట్టకపోతే మా ఆవిడ ఊరుకోదు. ఒక్క సంతకమే కదా? — రాజమహేంద్రవరం

జవాబు: ఆయ్, ఒక్క సంతకమేనండి! కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను పెట్టినవాడికీ అంతే, ముందు ఆయన్ని అడిగి తర్వాత మిమ్మల్ని అడగాలన్న రూలు కూడా లేదు, ఎవరు సులువుగా దొరికితే వాళ్ళని పట్టుకుంటారు, ఉద్యోగస్తులు సులువుగా దొరుకుతారు. మా ఆఫీసులో జీతంలోంచి పక్కవాడి చిట్టీ కట్టినవాళ్ళని చాలామందిని చూశాను, పక్కవాడు కొత్త బండి మీద ఎదురుపడేవాడు.

బావగారికి ఎంత పోయినా పర్లేదనుకుంటారో అంత చేతికిచ్చెయ్యండి, తిరిగొస్తే వచ్చింది, సంతకం మాత్రం వద్దు. మీ ఆవిడకి ఆ సెక్షన్ చదివి వినిపించండి. చిట్టీ రిజిస్టరైందో లేదో కూడా కనుక్కోండి, 1982 చట్టం ప్రకారం రిజిస్టరైన చిట్టీలో కంపెనీ కమిషన్ 7 శాతం దాటకూడదు, పక్కింటి పిన్నిగారు నోటిమాట మీద నడిపే చిట్టీకి ఆ చట్టమూ లేదు, పిన్నిగారు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే అడగడానికి దిక్కూ లేదు.

ప్రశ్న: హాయ్ మేడమ్, డల్లాస్ నుంచి. ఇండియా వచ్చినప్పుడల్లా రెండు సూట్‌కేసుల నిండా చాక్లెట్లు, సెంట్లు తెస్తాం, అందరికీ పంచాలి. తేకపోతే ఏమనుకుంటారో అని. ఆపేయచ్చా?

జవాబు: ఆపెయ్యండి నాయనా. ఆ చాక్లెట్లు ఇప్పుడు మా సందు చివర సూపర్‌మార్కెట్లో దొరుకుతున్నాయి, కరక్కుండా. ఖాళీ సూట్‌కేసుతో వచ్చి వెళ్ళేటప్పుడు కందిపొడి, ఒడియాలు, అప్పడాలు పట్టుకెళ్ళండి, మీ మేనత్తకి సెంటు బదులు ఒక పూట కూర్చుని కబుర్లు చెప్పండి. అమెరికా వెళ్ళి మారిపోయారని ఒకరిద్దరు అంటారు, తెచ్చినా అంటారు.

ప్రశ్న: నాన్నకి బీపీ, షుగర్. మందులకే నెలకి మూడు వేలవుతుంది. మందుల్లో పొదుపు చెయ్యచ్చా, భయంగా ఉంది. ఎక్కడ అసలు పొదుపు చెయ్యకూడదు? — నల్గొండ

జవాబు: మాత్ర మానెయ్యడం, సగం చేసి వేసుకోవడం, చాలాచోట్ల చూస్తున్నా ఈ మధ్య, అది వద్దు. బ్రాండు మార్చుకోవచ్చు. చీటీ మీద ఉన్న పేరు కంపెనీ పెట్టుకున్న పేరు, కింద చిన్న అక్షరాల్లో అసలు మందు పేరుంటుంది, డాక్టర్ని ఆ పేరుతో రాయమని అడగండి, జన ఔషధి కేంద్రంలో అదే మందు సగం రేటుకీ ఇంకా తక్కువకీ దొరుకుతుంది. 2008 నుంచి ఉన్నాయవి. మారిస్తే మొదటి నెల బీపీ, షుగర్ రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించండి.

పొదుపు చెయ్యకూడనిది ఇన్సూరెన్సు. బ్యాంకు ఖాతా ఉంటే ఏడాదికి 20 రూపాయలకి 2 లక్షల ప్రమాద బీమా, 70 ఏళ్ళ దాకా. 50 ఏళ్ళ లోపు చేరితే 436 రూపాయలకి ఇంకో 2 లక్షల జీవిత బీమా, మే నెలాఖరుకి ఖాతాలో డబ్బుండేలా చూసుకోవాలంతే. మనం సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీ మీద, టర్మ్ పాలసీ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా తీసేశారు, ఇంకా సాకులు వెతక్కండి. నాన్నగారి డబ్బు ఒకే బ్యాంకులో 5 లక్షలు దాటకుండా చూడండి, బ్యాంకు మునిగితే గ్యారంటీ అంతవరకే. చెప్పుల దగ్గర కూడా పొదుపు చెయ్యకండి. షుగరున్న మనిషికి మెత్తటి మంచి చెప్పులు కొనండి, పాదానికి పుండు పడితే అయ్యే ఖర్చు ముందు అదెంత.

ప్రశ్న: మీరు రేటు చూడకుండా ఖర్చు పెట్టేది ఏదైనా ఉందా అసలు? నిజం చెప్పండి. — పిఠాపురం

జవాబు: పళ్ళడాక్టరు. చేనేత చీర, మీ పక్కనున్న ఉప్పాడ జమ్దానీ ఒకటుంది నా దగ్గర, కొని చాలా ఏళ్ళైంది, ఇంకా ఎవరైనా ఎంతకి కొన్నారని అడిగితే మాట మారుస్తా. పుస్తకాలు. వేసవిలో మామిడిపళ్ళు, బంగినపల్లికి 2017లో జీఐ ఇచ్చారు సరే కానీ నా ఓటు నూజివీడు చిన్న రసాలకి, డజన్లు కాదు బుట్టలు తెప్పిస్తా, సందులో పిల్లలందరూ మా అరుగు మీద టెంకలు చీకుతూనే ఉంటారు.

ఆవకాయ కూడా. పుల్లటి కాయ, పీచున్నది, టెంకతో సహా ముక్క కొట్టించి, తుడిచి, గానుగ నువ్వులనూనెతో కలుపుతా. నూనె దగ్గర చెయ్యి బిగబట్టారా, పై ముక్కలకి బూజు పట్టి జాడీ మొత్తం పోతుంది. మూడోనాడు తిరగ్గలిపినప్పుడు ముక్కల మీద వేలెడు నూనె తేలాలి, తేలకపోతే మా వీధి గానుగకి మళ్ళీ వెళ్ళి ఇంకో కేజీ తెస్తాను, ఆ రోజు అతను ఎంత చెప్తే అంత ఇచ్చేస్తాను.